పేరు రాయించని డబ్బీ

మొన్న బుధవారం మా ప్రయోగశాలలో ఒక అమ్మాయి గాఢ అసిటిక్ ఆమ్లం సీసా మూత తీసింది. వెనిగర్ వాసన తెలిసినవాళ్ళు దానికి పదింతలు ఊహించుకోవాలి. ముందు ముక్కులో చల్లగా తగిలి, తరువాత కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది. ఆ అమ్మాయి నా కళ్ళు చూసి గబగబా మూత బిగించి, "సారీ మేడమ్, కిటికీ తీయనా?" అంది. వద్దన్నాను. ఆ వాసన ఇంకాస్సేపు ఉంటే బాగుండుననిపించింది. ఎందుకంటే ఆ రెండు నిమిషాలు నేను హైదరాబాదులో లేను. కర్ణాటకలో రాయచూరు జిల్లా సింధనూరులో ఒక వరండా చివరి గదిలో, సూగప్ప సారు పక్కన నిలబడి ఉన్నాను.

ఉద్యోగ విరమణ చేసి పదేళ్ళు దాటినా వారానికి రెండు రోజులు ఇక్కడికి వస్తాను. పెద్దపేగు క్యాన్సరు కణాలు ఏం తిని పెరుగుతాయి, ఉన్నచోటు వదిలి ఇంకో అవయవంలోకి ఎలా పాకుతాయి అన్న ప్రశ్న నా జీవితంలో ముప్పై ఏళ్ళు తీసుకుంది. నా సన్మాన పత్రంలో ఆ ప్రశ్న నాకు విశ్వవిద్యాలయంలో పుట్టిందని రాశారు. నేను దిద్దలేదు. నిజానికి అది నాది కాదు. దాన్ని నా చేతిలో పెట్టిన మనిషి మెట్రిక్ దాకా ఉర్దూలో చదువుకున్న ఒక ల్యాబ్ టెక్నీషియన్. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను.

మా నాన్న తణుకు పక్క పల్లె నుంచి తుంగభద్ర కాలువ కిందికి వచ్చేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. సింధనూరు పక్క గోరేబాళ దగ్గర మావాళ్ళు పది పన్నెండు కుటుంబాలు కలిసి ఇళ్ళు వేసుకున్నారు. దాన్ని అందరూ క్యాంపు అనేవారు. నేను రాయచూరులో బి.ఎస్సీ. చదివి, ఏడాది ల్యాబ్ శిక్షణ పూర్తిచేసి, డెబ్బైల మొదట్లో సింధనూరులో ఒక డాక్టరుగారు నడిపే చిన్న ఆసుపత్రిలో చేరాను. అక్కడి ల్యాబుకు పెద్ద సూగప్ప సారు. ఆయనది కృష్ణ ఒడ్డునున్న దేవసూగూరు. ఆ ఊరి దేవుడి పేరే ఆయనకూ పెట్టారు. నిజాం కాలంలో హైదరాబాదు దవాఖానలో పని నేర్చుకున్నారు. ఆసుపత్రి రిజిస్టరు ఇంగ్లీషులో రాసినా, తన సొంత నోటు పుస్తకం మాత్రం ఉర్దూలో కుడి నుంచి ఎడమకు రాసుకునేవారు. యాభై దాటిన వయసు, సన్నటి పొడుగాటి మనిషి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఊళ్ళో ఒక చెల్లెలు మాత్రం ఉంది. మొదటిరోజు నుంచీ నన్ను "బిడ్డా" అన్నారు.

చేరిన వారంలోనే నాకు ఒక పని చేతకాదని తేలింది. రోగిని అడగడం. ఆ రోజు నాట్లు వేసే కూలి మనిషి ఒకామె వచ్చింది. మొహంలో రక్తం లేదు, గోళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను నేల చూస్తూ, "మీకు విరేచనం ఎలా అవుతోందండీ?" అన్నాను. ఆమె నన్ను చూసింది, తరువాత సూగప్ప సారును చూసింది. ఆయన సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే, "ఏందమ్మా, దొడ్డికి పోతే నల్లగ వస్తుందా, ఎర్రగ వస్తుందా?" అని అడిగారు. ఆమె వెంటనే, ఏ మొహమాటమూ లేకుండా, ఉన్నదంతా చెప్పేసింది. ఆమె వెళ్ళాక ఆయన నా వైపు తిరిగారు.

"విరేచనం అంటే ఆమెకు ఏం తెలుస్తది బిడ్డా? గా మాట పుస్తకంల ఉంటది. ఇంట్ల అనుకునే మాటతోని అడుగు."

"సిగ్గేస్తుందండి."

"ఎయ్యనీ. జర సేపు ఎస్తది, పోతది. కడుపుల ఉన్న పురుగు మాత్రం పోదు."

ఆ పురుగు గురించి చెప్పాలి. కాలువ రాకముందు ఆ నేలలో జొన్నలు, పత్తి పండేవట. నీళ్ళొచ్చాక ఎటు చూసినా వరి. పొద్దున్నించి సాయంత్రం దాకా వట్టి కాళ్ళతో బురదలో నిలబడేవాళ్ళకు కొంకి పురుగు పాదాల్లోంచి ఎక్కి పేగులో చేరి రక్తం తాగేది. మా దగ్గరికి వచ్చే పాలిపోయిన మనుషుల్లో చాలామందికి అదే. ఆ గుడ్లు చూసీ చూసీ మేము కళ్ళు మూసుకుని కూడా బొమ్మ గీయగలిగేవాళ్ళం. దాంతోపాటు ఇంకో పరీక్ష ఉండేది. మలంలో కంటికి కనబడని రక్తం ఉందా లేదా అని చూసేది. బెంజిడిన్ అనే పొడి చిటికెడు, గాఢ అసిటిక్ ఆమ్లం కొద్దిగా, పెరాక్సైడు కొన్ని చుక్కలు. చిన్న పింగాణీ గిన్నెలో మలంతో కలిపితే, రక్తం ఉంటే నీలంగా మారుతుంది. ఆ పొడి మనిషికే హాని చేస్తుందని తరువాత తేలింది. ఇప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోరు. మేము మాత్రం రోజూ ఆ ఘాటులోనే పనిచేశాం. మాంసం, చేప తిన్నా ఆ నీలం రావచ్చు. అందుకని పరీక్షకు ముందు మూడు రోజులు నీచు మానమని చెప్పేవాళ్ళం.

సూగప్ప సారు ఎలాంటి పనివాడో నాకు పోతనాళ అనే ఊరి నుంచి వచ్చిన ఒక రైతు విషయంలో తెలిసింది. ఆ రైతు మా కోస్తా మనిషే, నలభై అయిదేళ్ళవాడు. గుడ్లు కనబడ్డాయి, మందు ఇచ్చారు. పదిహేను రోజుల తరువాత మళ్ళీ చూస్తే గుడ్లు లేవు. నేను సంతోషంగా రిజిస్టరులో రాయబోతుంటే సారు ఆపి, నీలం పరీక్ష మళ్ళీ చేయమన్నారు. చేస్తే గిన్నె అంతా నీలం. వారం ఆగి మళ్ళీ చేయించారు. మళ్ళీ అంతే. ఆయన ఆ గిన్నె పట్టుకుని తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"పురుగు పోయింది సాబ్. రక్తం పోలే. మరి ఎక్కడికెల్లి వస్తుంది?"

"మొలలేమోనయ్యా," అన్నారు డాక్టరుగారు.

"మొలలైతే ఎర్రగ పైన కనబడుతది. గిది లోపల కలిసి వస్తుంది. హైదరాబాదుకు పంపుండ్రి. తప్పయితే నన్ను తిట్టుండ్రి."

డాక్టరుగారు మంచివారు. ఆయన మాట విని పంపించారు. పెద్దపేగులో గడ్డ బయటపడింది, కోసి తీసేశారు. ఆ రైతు మూడు నెలలకు వచ్చి ల్యాబు గుమ్మంలో చెప్పులు విడిచి సూగప్ప సారుకు దణ్ణం పెట్టాడు. ఆయన ఇబ్బందిగా కదిలి, "గా బిడ్డకు పెట్టు, పరీక్ష చేసింది ఆమె," అన్నారు. నేను చేసింది ఆయన చేయమన్న పనే. అయినా ఆ సాయంత్రం క్యాంపుకు నడిచి వెళుతూ నేను నేల మీద ఉన్నట్టు లేను.

ఆ తరువాతి చలికాలంలో జరిగింది ఇది. మా అమ్మ కాలువ చేపలతో పులుసు పెడితే సూగప్ప సారుకు ఒక గిన్నె పంపేది. కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషి, చేప అంటే ప్రాణం. గిన్నె మూత తీయకుండానే ఏ చేపో చెప్పేవారు. ఆ రోజు నేను గిన్నె తీసి బల్ల మీద పెడితే పక్కకు జరిపారు.

"వద్దు బిడ్డా. మూడు దినాలు తినను."

"ఏదైనా మొక్కా అండీ?"

"గట్లనే అనుకో," అన్నారు.

నాలుగో రోజు పొద్దున నేను వచ్చేసరికి నా బల్ల మీద ఒక చిన్న డబ్బీ ఉంది. మూత మీద చీటీ లేదు. "పేరేం రాయమంటారు సార్?" అని అడిగితే, "పేరొద్దు. నంబరు వెయ్యి చాలు," అన్నారు, సూక్ష్మదర్శిని అద్దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పుకుంటూ. గుడ్లు లేవు. నీలం వెంటనే వచ్చింది. చెప్పాను. "ఊఁ," అన్నారు. మర్నాడు ఇంకో డబ్బీ. అంతే. మూడో రోజు ఇంకొకటి. మూడో రోజు పెరాక్సైడు చుక్క పడి నీలం విచ్చుకుంటున్నప్పుడు నాకు చేపల పులుసు గుర్తొచ్చింది. చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తితే ఆయన నన్నే చూస్తున్నారు. నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది. నేను నంబరు పక్కన ఫలితం రాసి, గిన్నె కడిగి బోర్లించాను.

ఆ తరువాత నాలుగు వారాలు నేను నోరు విప్పలేదు. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది ఆ నాలుగు వారాలనే. ఆయన పెద్దవారు, నాకు పని నేర్పినవారు, ఆయనకు తెలియనిది నేనేం చెప్తాను అనుకున్నాను. డాక్టరుగారికి చెప్పే ఉంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ నా కళ్ళు చూస్తూనే ఉన్నాయి. చేతి గడియారం పట్టీకి ఆయన మేకుతో ఇంకో బెజ్జం పొడిచారు. మధ్యాహ్నం రొట్టె సగం తిని మిగతాది గుడ్డలో చుట్టి పెట్టేసేవారు. ఒకసారి మెట్లెక్కి వచ్చి, గోడకు చెయ్యి ఆన్చి చాలాసేపు నిలబడ్డారు. ఆ రోజు ల్యాబులో ఎవరూ లేకుండా చూసి అడిగాను.

"సార్, ఆ నంబరు మనిషి సంగతి డాక్టరుగారితో చెప్పారా?"

ఆయన స్లైడు తుడుస్తూనే ఉన్నారు. "చెప్తే ఏం జేస్తరు?"

"పోతనాళ రైతును పంపించమని మీరే కదండీ పట్టుబట్టింది."

స్లైడు ఎప్పుడో శుభ్రమైంది. దాన్ని ఇంకా తుడుస్తూ, "భయమైతుంది బిడ్డా," అన్నారు. "ఇరవై ఏండ్ల సంది మందికి రిపోర్టు చెప్తున్న. నాది నాకు చెప్పుకొనికె నోరు వస్తలేదు."

అంత పెద్దమనిషి భయమన్న మాట పైకి అనగా వినడం నాకు అదే మొదటిసారి. "నేను వస్తానండి మీతో, డాక్టరుగారి గదికి," అన్నాను. ఆయన లేచారు. ఆ వరండాలో పట్టుమని ఇరవై అడుగుల దూరం కూడా లేదు. గుమ్మం దగ్గర ఆగి, భుజం మీద కండువా సర్దుకుని, "నువ్వే చెప్పు," అన్నారు. నేనే చెప్పాను. ఇంట్లో అనుకునే మాటలతోనే చెప్పాను.

హైదరాబాదులో ఆయనకు ఆపరేషను జరిగేటప్పటికి ఎండలు మొదలయ్యాయి. దేవసూగూరు నుంచి ఆయన చెల్లెలు బసమ్మ వచ్చి దగ్గరుండి చూసుకుంది. ఆమె ఆయనకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. భర్త పోయినా ఇద్దరు పిల్లల్ని సాకుతూ పొలం చేసుకుంటున్న మనిషి. మాట గట్టి, చెయ్యి మెత్తన. పేగులో గడ్డ తీశారు గానీ, అప్పటికే అది కాలేయం దాకా పోయింది. పేగు నుంచి వచ్చే రక్తం ముందు కాలేయానికే పోతుందనీ, అందుకే అక్కడ ముందు దిగుతుందనీ ఒక యువ డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. నేను సెలవు పెట్టి చూడ్డానికి వెళ్ళిన రోజే ఆ మాటలు జరిగాయి. ఉర్దూలో మాట్లాడుకున్నారు. నాకు గుర్తున్నంత తెలుగులో రాస్తున్నాను.

రక్తంలో ఒక ఎంజైము బాగా పెరిగిందని డాక్టరు అన్నాడు. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అని దాని పేరు చెప్పాడు. వెళ్ళిపోబోతుంటే సూగప్ప సారు చెయ్యి చాపి ఆపారు.

"అది ఏం పని చేస్తుంది సాబ్?"

డాక్టరుకు ఆశ్చర్యమేసినట్టుంది. మంచం అంచున కూర్చుని చెప్పాడు. కణం చక్కెరను గాలితో కలిపి పూర్తిగా కాల్చుకుని శక్తి తీసుకుంటుంది. గాలి చాలనప్పుడు పూర్తిగా కాల్చకుండా, పాలు పెరుగైనప్పుడు పుట్టే పులుపు లాంటి ఆమ్లంగా మార్చి వదిలేస్తుంది. మనం పరిగెత్తినప్పుడు కండరాల్లో అదే జరుగుతుంది. ఆ ఆఖరి మెట్టు పని ఈ ఎంజైముది. క్యాన్సరు కణం మాత్రం గాలి ఉన్నా ఆ దారినే ఎక్కువగా పోతుంది.

"ఎందుకు?"

"తెలియదు. మేము దీన్ని ఒక గుర్తుగా చూస్తాం. ఇది పెరిగితే రోగం పెరిగిందనుకుంటాం."

"గుర్తు అంటున్నారు. దొంగ వచ్చిపోయాడని చెప్పే అడుగు జాడనా అది, లేకపోతే అదే దొంగనా?"

ఆ యువకుడు కాసేపు ఆయన మొహంలోకి చూసి, "నాకు తెలియదు పెద్దాయనా. నాకు చదువు చెప్పినవాళ్ళకూ తెలియదనుకుంటాను," అన్నాడు. సూగప్ప సారు ఆ జవాబుకు తృప్తిపడ్డారు. తెలియదని చెప్పగలిగిన డాక్టరు మంచి డాక్టరని తరువాత బసమ్మతో అన్నారు.

నేను బయలుదేరేటప్పుడు నన్ను దగ్గరికి పిలిచారు. "నేను ఒక ముద్ద తినలేకపోతున్న. చూడు చేతులు ఎట్లయినయో. గా గడ్డ మాత్రం నా లోపల మంచిగ పెరుగుతుంది. దానికి బువ్వ ఎట్ల దొరుకుతుంది? గా ఎంజైము వండి పెడుతుందా? జర చూడు బిడ్డా."

"నేనేం చూడగలనండీ? స్లైడు చూడటమే మీ దగ్గర నేర్చుకుంటున్నాను."

"స్లైడు చూసుడే అసలు పని. మిగిలింది చదువుకుంటె వస్తది. చదువుకో. నాకు టైం లేదు, నీకు ఉంది."

ఆయన ఓదార్పు కోసం అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. తన ప్రాణం తీస్తున్నదాన్ని ఆయన కోపంతో కాక కుతూహలంతో చూడగలిగారు. ఆ రోజు అది నాకు అర్థం కాలేదు. బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను.

శ్రావణ మాసంలో దేవసూగూరు నుంచి కబురొచ్చింది. వచ్చేటప్పుడు బెంజిడిన్, ఆమ్లం, పెరాక్సైడు తీసుకురమ్మన్నారు. తన కోసమేనేమో, మనిషికి మతి చెదిరిందేమో అనుకుంటూ మూడు సీసాలు దూదిలో చుట్టి, రాయచూరులో బస్సు మారి వెళ్ళాను. ఇల్లు చిన్నది, ముందు చావడి. అక్కడ నులక మంచం మీద ఆయన ఉన్నారు. కళ్ళు పచ్చబడ్డాయి. బసమ్మ గ్లాసులో జొన్న అంబలి చల్లార్చి చెంచాతో పోస్తోంది. నన్ను చూసి ఆయన కళ్ళతో నవ్వారు.

"తెచ్చినవా? మా బసమ్మకు పరీక్ష చెయ్యాలె."

బసమ్మ చెంచా ఆపింది. "నాకేమాయె? నేను మంచిగున్న. నీ సంగతి చూసుకోక నా జోలి ఎందుకు నీకు?"

"మా అమ్మ గిట్లనే పోయింది బిడ్డా," అన్నారాయన నాతో. "అప్పుడు మూలశంక అన్నరు. పసరు మందు ఇచ్చిండ్రు. ఎండుకపోయి పోయింది. ఇప్పుడు నేను. మంచం మీద పండుకొని లెక్క కలుపుకుంటున్న. నీచు గురించి ఫికర్ లేదు, శ్రావణంల ఎట్లయినా తినరు."

ఆమె ఒప్పుకోలేదు. ఆ మాట నోటితో అనడమే ఆమెకు కష్టంగా ఉంది. నేను ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళి, సూగప్ప సారు నాకు నేర్పిన మాటలతోనే అడిగాను. మొదట మొహం తిప్పుకుంది. తరువాత, ఎప్పుడైనా కడుపు నొస్తుందనీ, మిగతాదేదీ తాను చూసుకోలేదనీ చెప్పింది. మర్నాడు పొద్దున డబ్బీ ఇచ్చింది. ఆయన మంచం పక్కనే, ఆయన చూస్తుండగానే పరీక్ష చేయాలన్నారు. చేశాను. మొదట ఏమీ రాలేదు. నేను ఊపిరి పీల్చుకోబోయాను. అప్పుడు గిన్నె అంచున లేత నీలం కదిలి, నెమ్మదిగా లోపలికి పాకింది. వరుసగా మూడు రోజులు చేశాం. మూడు రోజులూ అంతే.

"హైదరాబాదుకు పో," అన్నారాయన.

"నిన్ను గిట్ల మంచం మీద ఇడిసిపెట్టి నేను పోతనా?" అంది బసమ్మ. "నీ పని అయినాంక చూద్దాం."

ఆ మాట అన్న వెంటనే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వారు. "నా పని ఎప్పుడైతదో నాకు ఎరుక లేదు. గా రోగం లోపల పెరుగుతనే ఉంటది. నాకు నాలుగు వారాలు భయంతోని పోయినయి చెల్లె. నువ్వు పోగొట్టుకోకు. నన్ను చూసుకొనికె వాడకట్టంత ఉంది. బిడ్డ నీకు తోడొస్తది."

నాలుగు వారాలు. ఆ లెక్క ఆయనకూ ఉందని నాకు అప్పుడే తెలిసింది. నేను తల వంచుకున్నాను. ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి, "నువ్వు అడిగినవ్ బిడ్డా. నేను అడగలే," అన్నారు.

బసమ్మకు అక్షరాలు రావు. అన్నకు తోడుగా తప్ప హైదరాబాదు వెళ్ళి ఎరగదు. ఆమెను తీసుకుని వెళ్ళాను. ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. పెళ్ళి కావలసిన పిల్ల పరాయి ఊళ్ళో ఆసుపత్రుల వెంట తిరగడం ఆయనకు ఇష్టం లేదు. అయినా నేను సెలవు పెట్టడానికి ఒక రోజు వెనక్కి వచ్చినప్పుడు, క్యాంపు నుంచి సింధనూరు దాకా వచ్చి నన్ను బస్సెక్కించి, "ఆయన నీకు పని నేర్పిన మనిషి కదా, వెళ్ళిరా," అన్నాడు. ఆసుపత్రిలో పేగు ఎక్స్‌రే తీస్తే ఎడమవైపు చిన్న గడ్డ కనబడింది. ఆ యువ డాక్టరే మమ్మల్ని గుర్తుపట్టి సర్జను దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆపరేషను అయిన రోజు నేను వరండాలో కూర్చుని ఉన్నాను. సర్జను బయటికొచ్చి, గడ్డ పేగు గోడ దాటలేదనీ, కాలేయం చేత్తో తడిమి చూశామనీ, నునుపుగా ఉందనీ చెప్పారు.

మూడు వారాల తరువాత నేను బసమ్మను దేవసూగూరు తీసుకొచ్చాను. ఆయన ఉన్నారు. మాట చాలా సన్నబడింది. పక్కింటివాళ్ళు దిండ్లు పెట్టి కాస్త లేపి కూర్చోబెట్టారు. బసమ్మ పొట్ట పట్టుకుని నెమ్మదిగా వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆయన ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూశారు, రోగిని చూసినట్టు.

"కలేజా?" అని కాలేయం సంగతి నన్ను అడిగారు.

"శుభ్రంగా ఉందన్నారండి. చేత్తో తడిమి చూశారట."

"సాఫ్," అన్నారాయన. ఆ ఒక్క మాటే మళ్ళీ అన్నారు. కళ్ళు మూసుకున్నారు. బసమ్మ ఆయన అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. ఎనిమిది రోజుల తరువాత ఆయన పోయారు.

మరుసటి ఏడు నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీలో చేరాను. మిగిలిన చదువు, ఉద్యోగం, నాకు దొరికిన గుర్తింపు, అవన్నీ వేరే చోట రాశారు. ఇక్కడ అవసరమైనది ఒక్కటే. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి దశాబ్దాలు పట్టింది. అది తెలుసుకున్నది నేనొక్కదాన్నే కాదు, ఎన్నో దేశాల్లో ఎంతోమంది. పేగు క్యాన్సరు కణాల్లో ఆ ఎంజైమును తగ్గిస్తే అవి నెమ్మదిగా పెరుగుతాయి. పలచని పొర అడ్డుపెడితే దాన్ని దాటి అవతలికి వెళ్ళే కణాల సంఖ్య తగ్గుతుంది. అవి బయటికి వదిలే పులుపు చుట్టూ ఉన్న మంచి కణజాలాన్ని వదులుచేసి దారి ఇస్తుంది. ఆ పులుపులో మనల్ని కాపాడవలసిన కణాలు మందగిస్తాయి. అంటే అది జాడ కూడా, దొంగలో భాగం కూడా. ప్రయోగశాల గిన్నెలో కనబడినంత తేలిగ్గా మనిషిలో జరగదు. ఆ ఎంజైము మంచి కణాలకూ కావాలి, దాన్ని ఆపే మందు ఇంకా అందరికీ అందేదిగా రాలేదు. విద్యార్థులకు ఇది చెప్పేటప్పుడు తెలిసినంత చెప్పి, తెలియని చోట తెలియదంటాను.

ఆ జవాబు మొదటిసారి మా సొంత ప్రయోగంలో స్పష్టంగా కనబడిన రోజు ఎవరికి చెప్పాలో తోచలేదు. సెలవు పెట్టి దేవసూగూరు వెళ్ళి బసమ్మకు చెప్పాను. ఆమెకు అప్పుడు డెబ్బై దాటాయి. చావడిలో శెనగలు చెరుగుతోంది. ఎంజైము, చక్కెర, పులుపు, అన్నీ ఇంట్లో అనుకునే మాటల్లో చెప్పాను. అంతా విని, "మా అన్న అడిగింది నువ్వు మర్చిపోలే," అంది. చేటలోని శెనగల్లోంచి ఒక గుప్పెడు తీసి నా కొంగులో పోసింది.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు ఆమె కూతురు ఫోన్ చేసింది. అమ్మ పోయిందని చెప్పింది. నేను వృత్తి అలవాటుగా, ఏమైందని అడిగాను. "ఏం కాలేదు మేడమ్. తొంభైకి దగ్గరైంది. పొద్దున చాయ్ తాగింది, మనుమరాలి పెండ్లి ముచ్చట చెప్పింది, జర పండుకుంట అన్నది. లేవలే," అంది ఆ అమ్మాయి.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. అందులో దుఃఖం తక్కువే. సూగప్ప సారు విషయంలో పోయిన నాలుగు వారాలు నాలో అలాగే ఉన్నాయి, అవి తరగవు. కానీ వాటి పక్కన ఇప్పుడు ఒక మనిషి నిండు వయసు కూడా ఉంది. ఏ జబ్బూ లేకుండా, చాయ్ తాగి, పెళ్ళి కబుర్లు చెప్పి పడుకున్న ఒక ముసలావిడ. రెండిటినీ మోస్తున్నాను. రెండూ ఆయన ఇచ్చినవే.